నౌకాధికారి ఫిట్జ్‌రాయ్ తుఫాను సూచికలు - కృష్ణా డెల్టా అనుభవం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

బ్రిటిష్ నౌకాదళ అధికారి రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ (1805-1865) తన జీవితపు చివరి పదకొండేళ్లలో వాతావరణ పరిశీలన సంస్థకు నాయకత్వం వహించి, తుఫాను హెచ్చరికలకు ఒక వ్యవస్థను ఏర్పరచాడు. నేటికీ మన ఓడరేవుల్లో ఎగురవేస్తున్న ప్రమాద సూచికలకు పూర్వరూపం ఆ వ్యవస్థలోనే ఉంది. నౌకలో ఉన్నవారిని ఉద్దేశించి రూపొందిన ఈ సంకేత భాష, ఒడ్డున నివసించే ప్రజలు ఉప్పెనకు బలయ్యే కృష్ణా డెల్టాలో ఎంతవరకు పనిచేసింది, ఎక్కడ విఫలమైంది అన్న ప్రశ్నను 1864, 1977, 1990 తుఫానుల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఫిట్జ్‌రాయ్, తుఫాను సూచిక, ఉప్పెన, మచిలీపట్నం, దివిసీమ, పిడింగ్టన్, వాతావరణ శాస్త్ర చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

బంగాళాఖాతంలో వాయుగుండం బలపడినప్పుడల్లా తెలుగు దినపత్రికల్లో ఒక వార్త తప్పనిసరిగా కనిపిస్తుంది. మచిలీపట్నం, నిజాంపట్నం ఓడరేవుల్లో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారన్నది ఆ వార్త సారాంశం. ఇందులో ‘ఎగురవేయడం’ అన్న క్రియ గమనింపదగినది. హెచ్చరికను చెప్పడమో ప్రకటించడమో కాదు, స్తంభానికి ఎగురవేస్తారు. పగటిపూట శంకువు, స్తూపాకారాల్లో ఉండే గుర్తులను, రాత్రివేళ ఎరుపు, తెలుపు దీపాలను రేవులోని ధ్వజస్తంభంపై అమర్చడం ఈ పద్ధతి. దూరాన నౌకలో ఉన్న వ్యక్తి దుర్భిణితో చూసి గుర్తించడానికి అనువుగా ఏర్పడిన భాష ఇది. ఈ భాషకు మూలపురుషుడు శాస్త్రవేత్తగా శిక్షణ పొందినవాడు కాడు. పన్నెండేళ్ల ప్రాయంలో నౌకాదళ విద్యాలయంలో చేరి, యౌవనమంతా సముద్రంపై గడిపిన అధికారి.

2. నౌకాధికారి శాస్త్రసంస్థకు అధిపతి కావడం:

పందొమ్మిదవ శతాబ్ది ప్రథమార్ధంలో సముద్ర, వాతావరణ శాస్త్రాలు విశ్వవిద్యాలయాల్లో కంటే నౌకల్లోనే ఎక్కువగా పెరిగాయి. దీనికి కారణం స్పష్టం. గాలి దిశ, వాయుపీడనం, అలల తీరు, నీటి లోతు మొదలైనవాటిని రోజుకు పలుమార్లు, ఏళ్ల తరబడి, ఒకే పద్ధతిలో నమోదు చేసే అలవాటు నావికులకే ఉండేది. బ్రిటిష్ నౌకాదళంలో జలపట విభాగాధిపతిగా 1829 నుంచి 1855 వరకు పనిచేసిన ఫ్రాన్సిస్ బోఫర్ట్ గాలి వేగానికి అంకెల కొలత ఏర్పరచాడు. ఆ కొలతలో మొదట గాలివేగం మైళ్లలో లేదు. ఒక యుద్ధనౌక ఆ గాలిలో ఎన్ని తెరచాపలు విప్పి నడవగలదన్నదే ప్రమాణం. అంటే గాలిని కొలిచే సాధనం నౌకే. అమెరికాలో మాథ్యూ ఫాంటైన్ మోరీ అనే నౌకాధికారి ప్రమాదంలో కాలు దెబ్బతిని సముద్రయానానికి దూరమైన తరువాత, 1842లో నౌకాదళ పటాల భాండాగారానికి అధిపతి అయ్యాడు. అక్కడ పోగుపడి ఉన్న వేలాది నౌకా దినచర్యలను క్రోడీకరించి గాలులకు, ప్రవాహాలకు పటాలు తయారుచేశాడు. 1853లో బ్రస్సెల్స్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ప్రధానంగా ఆయన చొరవే. వివిధ దేశాల నౌకలు ఒకే నమూనాలో వాతావరణ వివరాలు నమోదు చేయాలని అక్కడ నిర్ణయించారు.

ఈ సమావేశపు ఫలితంగానే బ్రిటన్ 1854లో వాణిజ్య మండలి కింద ఒక చిన్న వాతావరణ విభాగాన్ని ఏర్పరచి, దానికి ఫిట్జ్‌రాయ్‌ని నియమించింది. అప్పటికి ఆయన చార్లెస్ డార్విన్‌ను ప్రపంచయాత్రకు తీసుకువెళ్లిన ‘బీగిల్’ నౌక కెప్టెన్‌గా (1831-36) ప్రసిద్ధుడు. న్యూజిలాండ్ గవర్నర్‌గా 1843 నుంచి 1845 వరకు పనిచేసి, అక్కడి వలసదారుల వ్యతిరేకత వల్ల పదవి కోల్పోయినవాడు కూడా. డార్విన్ నీడలో ఫిట్జ్‌రాయ్ పేరు మసకబారడం చరిత్రలో జరిగిన చిన్న అన్యాయమని చెప్పవచ్చు. మన పాఠ్యగ్రంథాల్లో ఆయన ఓడ పేరు కనిపించినంతగా ఆయన పేరు కనిపించదు.

ఆయనకు అప్పగించిన పని గణాంకాలు సేకరించడం. తుఫానులను ముందుగా చెప్పమని ఎవరూ అడగలేదు. అయినా ఆయన ఆ దిశగా ఎందుకు వెళ్లాడు? దీనికి ఒక కారణం 1829 జనవరిలోనే ఉంది. దక్షిణ అమెరికాలో ప్లేట్ నదీముఖం దగ్గర, కెప్టెన్ బాధ్యత స్వీకరించిన కొద్దికాలానికే, హఠాత్తుగా వచ్చిన ఈదురుగాలిలో బీగిల్ దాదాపు మునిగిపోయింది. ఇద్దరు నావికులు మరణించారు. వాయుపీడనమాపకం ముందుగానే పడిపోయింది. సూచన ఉన్నా సకాలంలో చర్య తీసుకోలేదన్న బాధ ఆయనను వెన్నాడింది.

రెండవ కారణం 1859 అక్టోబరులో ‘రాయల్ చార్టర్’ నౌక వేల్స్ తీరంలో బద్దలై సుమారు 450 మంది మరణించడం. ఆ తుఫాను పురోగమనాన్ని గంటల వారీగా పరిశీలించిన ఫిట్జ్‌రాయ్, అది ఒక రేవును తాకిన సంగతిని తంతి ద్వారా మరొక రేవుకు తెలిపి ఉంటే వ్యవధి దొరికేదని నిరూపించాడు. తుఫాను కంటే తంతి వేగవంతమైనది. ఆయన వ్యవస్థకు సైద్ధాంతిక పునాది ఈ ఒక్క విషయమే. తీరం పొడవునా కేంద్రాలు ఏర్పరచి, ప్రతి ఉదయం పీడనం, ఉష్ణోగ్రత, గాలి వివరాలు లండన్‌కు తంతి ద్వారా తెప్పించి, 1861 ఫిబ్రవరిలో మొదటి తుఫాను హెచ్చరిక పంపాడు. ఉత్తరపు గాలికి కొన పైకి ఉన్న శంకువు, దక్షిణపు గాలికి కొన కిందికి ఉన్న శంకువు, వరుసగా పలు దిశల నుంచి గాలులు వీచే అవకాశముంటే డోలు ఆకారం రేవుల్లో ఎగురవేసేవారు. అదే ఏడాది ఆగస్టు నుంచి ‘టైమ్స్’ పత్రికలో రోజువారీ వాతావరణ సూచన మొదలైంది. జోస్యం అన్న అర్థం వచ్చే మాటలను కావాలనే విడిచి, గణన ద్వారా ఏర్పడిన అభిప్రాయం అన్న అర్థంలో ‘ఫోర్‌కాస్ట్’ అన్న మాటను వాడుకలోకి తెచ్చాడు.

ఈ పనికి వచ్చిన ప్రతిఘటన రెండు వైపుల నుంచి వచ్చింది. సూత్రం తెలియకుండా ఫలితం చెప్పడం శాస్త్రం కాదని విద్వాంసులు ఆక్షేపించారు. సూచిక ఎగిరినప్పుడల్లా పడవలు రేవులో ఆగిపోవడం వల్ల నష్టపోతున్నామని చేపల వ్యాపారంలో ఉన్న యజమానులు ఫిర్యాదు చేశారు. యజమానుల నష్టం పడవ తిరిగిరాకపోతే ఎవరికి కలిగే నష్టమన్నది వేరే ప్రశ్న. ఫిట్జ్‌రాయ్ పేద మత్స్యకార గ్రామాలకు వాయుపీడనమాపకాలు పంపిన తీరు చూస్తే ఆ ప్రశ్నకు ఆయన సమాధానం తెలుస్తుంది. 1865 ఏప్రిల్ 30న ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. మరుసటి ఏడాది ఫ్రాన్సిస్ గాల్టన్ నాయకత్వంలోని సంఘం సూచనలకు శాస్త్రీయాధారం చాలదని తేల్చడంతో ముందు రోజువారీ సూచనలు, తరువాత తుఫాను హెచ్చరికలు నిలిచిపోయాయి. రేవుల నుంచి వచ్చిన ఒత్తిడివల్ల హెచ్చరికలు 1867లోనే తిరిగి మొదలయ్యాయి. రోజువారీ సూచనలకు 1879 దాకా పట్టింది.

3. 1864: ఒకే శరదృతువులో రెండు ఉప్పెనలు:

ఇంగ్లండులో ఈ వాదోపవాదాలు జరుగుతున్న కాలంలోనే 1864 అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్నాన్ని పెనుతుఫానులు తాకాయి. మచిలీపట్నం ప్రాంతంలో మరణించినవారి సంఖ్య సుమారు 30,000 అని అంచనా. అప్పటికి బెజవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తయి (1855) తొమ్మిదేళ్లు. కాలువల వెంట సాగు విస్తరిస్తూ ఉంది. పైనుంచి వచ్చే నీటిని అదుపు చేయడానికి ఇంత పెద్ద నిర్మాణం చేసిన పాలనకు, కింద సముద్రం నుంచి వచ్చే నీటి గురించి చెప్పగల వ్యవస్థ ఏదీ లేదు. ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చదవడం డెల్టా చరిత్రకారులకు అంతగా అలవాటు లేదు. ఆనకట్ట నీటిపారుదల అధ్యాయంలోనూ, ఉప్పెన విపత్తుల అధ్యాయంలోనూ మిగిలిపోతాయి.

విపత్తు అనంతరం వచ్చిన మార్పు ముందు కలకత్తాకు పరిమితమైంది. 1865లో ఆ రేవుకు తుఫాను హెచ్చరిక వ్యవస్థ ఏర్పడింది. 1875లో భారత వాతావరణ శాఖ ఆవిర్భవించి, హెన్రీ బ్లాన్‌ఫర్డ్ దానికి తొలి అధిపతి అయ్యాడు. తక్కిన రేవులకు సూచికలు విస్తరించింది 1880 దశకంలో. రాజధాని రేవు, వాణిజ్యం ఎక్కువగా ఉన్న రేవు ముందు, తక్కినవి తరువాత అన్నది ఈ క్రమం చెప్పే విషయం. 30,000 మంది మరణించిన చోటు మొదటి వరుసలో లేదు.

ఇక్కడ మరొక నావికుణ్ణి స్మరించడం అవసరం. హెన్రీ పిడింగ్టన్ నౌకాదళ అధికారి కాడు. వర్తక నౌకల్లో పనిచేసి, కలకత్తాలో స్థిరపడి, నౌకా ప్రమాదాల విచారణ న్యాయస్థానానికి అధ్యక్షుడైనవాడు. 1848లో వెలువరించిన నావికుల కరదీపికలో ‘సైక్లోన్’ అన్న పదాన్ని ఆయనే సృష్టించాడు. పాము చుట్టను స్ఫురింపజేసే గ్రీకు పదం దానికి మూలం. గోదావరి ముఖంలోని కోరంగిని 1789లో ముంచిన మూడు పెద్ద అలల వృత్తాంతం ఆయన రచనల్లో ఉంది. (1839 నాటి కోరంగి తుఫానులో 3 లక్షల మంది మరణించారన్న సంఖ్య అంతర్జాతీయ జాబితాల్లో తరచుగా కనిపిస్తుంది. కోరంగి పరిమాణాన్ని బట్టి చూస్తే ఆ సంఖ్యను పరిశోధకులు యథాతథంగా స్వీకరించరాదు.) కలకత్తా దిగువన మాట్లా నదిపై కొత్త రేవు నిర్మించబోతే, తుఫాను అల దాన్ని తుడిచిపెడుతుందని 1853లో గవర్నర్ జనరల్‌కు లేఖ రాశాడు. ఆయన మరణించిన తొమ్మిదేళ్లకు, 1867లో, ఆ రేవు అలాగే ధ్వంసమైంది. ఫిట్జ్‌రాయ్ దృష్టి గాలిపై, నౌకపై నిలిస్తే, పిడింగ్టన్ దృష్టి నీటిపై, ఒడ్డుపై కూడా పడింది. మన తీరానికి వచ్చిన వ్యవస్థ మాత్రం మొదటివాని నమూనాలోనిదే.

4. గాలివాన వేరు, ఉప్పెన వేరు:

తెలుగులో గాలివాన, తుఫాను, ఉప్పెన అన్నవి మూడు వేర్వేరు మాటలు. గాలివానలో ఇంటికప్పు పోతుంది. ఉప్పెనలో ఊరే పోతుంది. ఈ భేదానికి భౌతికశాస్త్రంలోనూ ఆధారం ఉంది. తుఫాను కేంద్రంలో వాయుపీడనం తగ్గినప్పుడు సముద్రమట్టం కొంత ఉబుకుతుంది. ఒక హెక్టోపాస్కల్ తగ్గుదలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున, పీడనం 60 హెక్టోపాస్కల్స్ తగ్గినా నీరు 60 సెంటీమీటర్లే పెరుగుతుంది. దివిసీమలో 1977లో వచ్చిన నీరు సుమారు 5 మీటర్లు. మిగిలినదంతా గాలి నెట్టిన నీరు. లోతైన సముద్రంలో గాలి నెట్టిన నీరు అడుగునుంచి వెనక్కు మళ్లిపోతుంది. తీరం దగ్గర లోతు తక్కువైతే మళ్లడానికి చోటుండదు, గుట్టపడుతుంది. కృష్ణా ముఖద్వారం నుంచి నిజాంపట్నం వైపు తీరం లోపలికి వంగి, అడుగుభాగం మెల్లగా పల్లమవుతుంది కనుక ఆ గుట్ట మరింత పెరుగుతుంది.

మరొక అంశం తుఫాను ఏ పక్కన ఉన్నదన్నది. ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలులు అపసవ్య దిశలో తిరుగుతాయి. పడమరగా వచ్చే తుఫానుకు కుడిపక్క, అంటే ఉత్తరాన, గాలి సముద్రం నుంచి నేలపైకి వీస్తుంది. ఎడమపక్క నేలనుంచి సముద్రంలోకి వీస్తుంది. అందువల్ల తుఫాను తీరం దాటిన చోటు కంటే, దానికి కుడివైపున ఉన్న తీరం ఎక్కువగా మునుగుతుంది. 1977 నవంబరు 19న తుఫాను తీరం దాటింది చీరాల సమీపంలో. వేలాదిమంది మరణించింది దివిసీమలో. పులిగడ్డ వద్ద కృష్ణ పాయలుగా చీలి సముద్రంలో కలిసే ఆ లంకభూమి సరిగ్గా ఆ కుడిపక్కన, చదునుగా, సముద్రమట్టానికి అతి తక్కువ ఎత్తులో ఉంది.

మన ఓడరేవు సూచికల వరుసలో ఈ పక్క అన్న సమాచారం నిజానికి ఉంది. 1 నుంచి 11 వరకు ఉన్న ఈ అంకెల్లో 5, 6, 7 ప్రమాద సూచికలు, 8, 9, 10 మహాప్రమాద సూచికలు. 5 కంటే 6, 6 కంటే 7 తీవ్రమైనవని పత్రికా పాఠకులు అనుకోవడం సహజం. అది సరికాదు. తుఫాను రేవుకు ఏ పక్కగా దాటుతుంది, లేక రేవుమీదుగానే వస్తుందా అన్నదాన్ని బట్టి ఆ మూడు అంకెలు వేరవుతాయి. నౌకను ఏ దిక్కుకు తిప్పాలో నిర్ణయించుకోవలసిన కెప్టెన్‌కు అది అత్యవసర సమాచారం. 11 అయితే తుఫాను తీవ్రతనే సూచించదు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. ఉప్పెన ఎవరిని ముంచుతుందో ఊహించడానికి కావలసిన కీలకం ఈ అంకెల్లో ఇమిడి ఉన్నా, ఒడ్డున గుడిసెలో ఉన్న మనిషికి అది అందని భాష. నీరు ఎన్ని మీటర్లు వస్తుంది, ఎంత దూరం వస్తుంది అన్నది అసలు ఆ భాషలోనే లేదు.

దీనికి తోడు నది హెచ్చరికలు వేరే ఉన్నాయి. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రకటించే మొదటి, రెండవ ప్రమాద హెచ్చరికలు ప్రవాహ పరిమాణానికి సంబంధించినవి. 2024 సెప్టెంబరు తొలినాళ్లలో 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహానికి కూడా ‘రెండవ’ హెచ్చరికే. అదే డెల్టా చివర మచిలీపట్నం రేవులో ‘రెండవ’ సూచిక అంటే తుఫాను ఇంకా సముద్రంలో దూరాన ఉందని. ఒకే డెల్టాలో, ఒకే దినపత్రికలో, ఒకే అంకె ఒకచోట అత్యున్నత స్థాయి, మరొకచోట తొలి మెట్టు.

5. 1977 నుంచి 1990 వరకు:

1977 నాటికి ఉపగ్రహ చిత్రాలున్నాయి, విశాఖపట్నం, మద్రాసుల్లో తుఫానులను గుర్తించే రాడార్లున్నాయి, ఆకాశవాణి ఉంది. వాతావరణశాఖ హెచ్చరికలు లేకపోలేదు. అయినా అధికారిక లెక్కల్లోనే సుమారు 10,000 మంది మరణించారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి పేర్లు తెలుగునాట ఉప్పెనకు పర్యాయపదాలయ్యాయి. ఫిట్జ్‌రాయ్ ఎదుర్కొన్న ప్రశ్న, సంపూర్ణంగా తెలియకముందే చెప్పవచ్చునా అన్నది, అప్పటికి ఎప్పుడో పరిష్కారమైంది. దివిసీమలో ఎదురైన ప్రశ్న వేరు. విన్నవాడు ఎక్కడికి వెళ్లాలి? రేవులో సూచిక చూసిన నౌకకు లంగరెత్తి లోతైన సముద్రంలోకి వెళ్లే మార్గముంది. పాయల మధ్య లంకలో, మట్టిగోడల ఇంట్లో, పశువులతో, కోతకు సిద్ధమైన వరితో ఉన్న కుటుంబానికి అలాంటి మార్గం లేదు. ఎత్తయిన నేల లేదు, పక్కా భవనం లేదు, వంతెనలు తక్కువ.

ఆ తరువాత జరిగిన పని ఎక్కువగా భవనాలు, రహదారులు, వాహనాలకు సంబంధించినది కావడం యాదృచ్ఛికం కాదు. తీరగ్రామాల్లో తుఫాను రక్షణ భవనాలు వెలిశాయి. మచిలీపట్నంలో రాడార్ ఏర్పాటైంది. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గరే పెనుతుఫాను తీరం దాటినప్పుడు ఆరు లక్షలకు పైగా ప్రజలను ముందుగానే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యిలోపే. అది చిన్న సంఖ్య కాదు. కానీ పదమూడేళ్ల కిందటి సంఖ్యతో పోలిస్తే వచ్చిన తేడా వాతావరణ శాస్త్రంలో వచ్చిన ప్రగతి ఒక్కదానివల్ల వచ్చింది కాదు. కలెక్టరు, తహసీల్దారు, బస్సు, భవనం ఈ నలుగురి పాత్ర అందులో ఉంది. ప్రస్తుతం వాతావరణశాఖ అనుసరించే అంచెల పద్ధతి, అంటే 72 గంటల ముందు ప్రభుత్వానికి సమాచారం, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, తీరం దాటిన తరువాతి పరిస్థితిపై లోపలి జిల్లాలకు ముందస్తు సూచన అన్నది, నౌకను కాక పరిపాలనను ఉద్దేశించినది.

6. నౌకాదళ వారసత్వం నేడు:

నౌకాధికారులు ఇటువంటి సంస్థలకు నాయకులు కావడం పందొమ్మిదవ శతాబ్దితో ముగియలేదు. అమెరికా నౌకాదళంలో వైస్ అడ్మిరల్‌గా విరమించిన కాన్రాడ్ లాటెన్‌బాకర్ 2001 నుంచి 2008 వరకు ఆ దేశపు సముద్ర, వాతావరణ సంస్థకు అధిపతిగా ఉన్నాడు. వివిధ దేశాల భూపరిశీలన సమాచారాన్ని అనుసంధానించే అంతర్జాతీయ బృందం ఏర్పడింది ఆ కాలంలోనే, ఆయన ప్రముఖ భాగస్వామ్యంతో. మోరీ బ్రస్సెల్స్‌లో చేసిన పనికి ఇది కొనసాగింపు. 2017 తరువాత కొంతకాలం అదే సంస్థకు తాత్కాలిక అధిపతిగా వ్యవహరించిన టిమ్ గాలడెట్ కూడా విశ్రాంత రియర్ అడ్మిరలే. మన దగ్గర ఈ బంధం మరో రూపంలో కనిపిస్తుంది. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పనిచేసిన సముద్రశాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ 1950 దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, భారత నౌకాదళపు నౌకల సహకారంతో బంగాళాఖాతంపై పరిశీలనలు నిర్వహించాడు. తెలుగునేలపై సముద్రశాస్త్ర బోధన అలా బలపడింది.

2004 డిసెంబరు 26 సునామీ తరువాత, 1999లో హైదరాబాదులో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవాకేంద్రంలో 2007 అక్టోబరు నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. ఉప్పెన ఎత్తును గణించే నమూనాలు కూడా అక్కడే నడుస్తున్నాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ తుఫాను సమయంలో వెలువడిన ప్రకటనల్లో గాలివేగంతో పాటు ఉప్పెన ఎత్తు, మునిగే అవకాశమున్న పల్లపు ప్రాంతాల ప్రస్తావన ఉంది. పిడింగ్టన్ ఆశించినది ఇదే. అయితే మిచౌంగ్ మరొక లోటును చూపింది. కోతలు జరుగుతున్న వేళ మనుషులను తరలించగలిగారు గాని, చేలో పనలమీదున్న వరిని, కళ్లాల్లో ఆరబోసిన ధాన్యాన్ని తరలించే వ్యవస్థ అంత సిద్ధంగా లేదు. హెచ్చరిక విని తొందరపడి పచ్చిగా కోసిన రైతుకు తేమశాతం పేరుతో ధర తగ్గుతుంది. కోయకుండా ఆగిన రైతుకు చేను పడిపోతుంది. వేటకు వెళ్లవద్దన్న రోజున మత్స్యకారునికి కూలి ఉండదు. 1860లలో ఫిట్జ్‌రాయ్‌పై ఫిర్యాదు చేసిన పడవ యజమానుల లెక్క ఇక్కడ మరో రూపంలో ఉంది. ఇక్కడ ఆ లెక్క మోసేది యజమాని కాదు, కౌలుదారు, కూలీ.

ఈ విషయంలో తెలుగు పరిశోధకులు చేయవలసిన పని చాలా మిగిలి ఉంది. 1977 నవంబరులోనూ, 1990 మేలోనూ తెలుగు దినపత్రికలు, ఆకాశవాణి విజయవాడ కేంద్రం హెచ్చరికలను ఏ మాటల్లో అందించాయి, ‘ఉప్పెన’ అన్న మాట ఆ ప్రకటనల్లో తీరం దాటకముందు వచ్చిందా, దాటిన తరువాతనే వచ్చిందా, రేవు అంకెకు వివరణ ఎక్కడైనా ఇచ్చారా అన్నది ఆ రెండు నెలల పత్రికా సంచికలను వరుసగా చదివితే తేలే విషయం. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలాల్లో ఆనాటి రాత్రిని చూసినవారు ఇంకా ఉన్నారు. వారు ఏం విన్నారు, ఎవరి ద్వారా విన్నారు, విని ఏమనుకున్నారు అన్నది నమోదు చేయడానికి కాలవ్యవధి ఎక్కువ లేదు.